పిట్టల పేరెరిగిన వాడు

గడచిన పుష్యమాసములో ఒకనాటి తెల్లవారుజామున మేము ఇరువదిమందిమి పాఖాల చెరువు కట్టమీద నిలిచి ఉంటిమి. మహబూబాబాదునుండి వచ్చినవారు కొందరు, జనగామనుండి వచ్చినవారు కొందరు, భూపాలపల్లి బొగ్గుగనుల ఊరినుండి రాత్రియే బయలుదేరి వచ్చిన బడిపంతుళ్లు నలుగురు. తక్కినవారు కళాశాల విద్యార్థులు. అందరికిని కలిపి దుర్భిణులు ఆరు. మంచు ఇంకను విడలేదు. నీరు ఎక్కడ ముగిసినదో, ఆకాశము ఎక్కడ మొదలైనదో తెలియుట లేదు. నీటిమీదినుండి మాత్రము వందల గొంతులు వినవచ్చుచుండినవి.

కొంత వెలుతురు వచ్చిన పిదప మా విద్యార్థిని ఒకతె నీటిలో ఈదుచున్న నల్లని పక్షిని చూపి దాని పేరేమని నన్ను అడిగినది. ఒళ్లంతయు నలుపు. ముక్కు, నుదురు మాత్రము సున్నము పూసినట్లు తెలుపు. అట్టివి అక్కడ లెక్కకు మించి ఉన్నవి. నేను ముప్పది సంవత్సరములకు దగ్గరగా తెలుగు పాఠములు చెప్పుచున్నవాడను. చకోరము వెన్నెల త్రాగుననియు, చక్రవాకముల జంట రాత్రివేళ విడిపోవుననియు, హంస పాలను నీళ్లను వేరుచేయుననియు ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు. కన్నులయెదుట ఈదుచున్న పిట్ట పేరు మాత్రము నాకు తెలియదు. తూము దగ్గర వల సర్దుకొనుచున్న ఒక ముసలాయన నా అవస్థ చూచి నవ్వి, అది నామకోడి అని చెప్పినాడు. నుదుట నామము పెట్టుకొన్నది గనుక నామకోడి. ఆ తరువాత ఆయనయే వరుసగా చెప్పుకొనిపోయినాడు. అది మునుగుడుకోడి, ఇది నీటికాకి, ఆ గుంపు చిలువలు, ఒడ్డున వంగి నిలిచినది నత్తగొట్టుకొంగ. పిల్లలు వ్రాసికొనుచుండినారు. నేను గూడ వ్రాసికొంటిని.

దుర్భిణి మెడలో వేసికొని, పుస్తకము చేతపట్టి, పిట్టను చంపక, పట్టక, కేవలము చూచుటకై గుంపుగా నడచు ఈ అలవాటు మన దేశమునకు ఎవరివలన వచ్చినదని దారిలో ప్రశ్న వచ్చినది. ఏ ఒక్కనివలననో వచ్చినదనుట సరికాదు. కాని ఒక్క పేరే చెప్పవలసివచ్చినచో సలీం అలీ పేరే చెప్పవలెను. పిల్లలకు ఆ పేరు తెలియును. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా తెలియును. అంతకు మించి తెలియదు. వారికొరకు, వారివలెనే తెలిసీ తెలియని నాకొరకు, ఆయన జీవితమును చదివి ఇట్లు వ్రాయుచున్నాను.

దానికి ముందు ఆ చెరువునుగూర్చి ఒక మాట. పాఖాల చెరువు కాకతి గణపతిదేవుని కాలమున, పదమూడవ శతాబ్ది తొలిపాదమున, జగదాల ముమ్మడి త్రవ్వించినది. మున్నేరు ఇక్కడినుండియే పుట్టుచున్నది. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరుపెట్టి శాసనము వేయించినది. భూపాలపల్లి వైపున ఘనపురము చెరువు గణపసముద్రముగా ప్రసిద్ధము. రాజులు, మంత్రులు, ఆడపడుచులు వీటిని వరిమడులకొరకు కట్టించినారే కాని పిట్టలకొరకు కాదు. పిట్టలు పిలువని పేరంటమునకు వచ్చినట్లు వచ్చి ఏడెనిమిది వందల ఏండ్లనుండి నిలిచిపోయినవి. పాఖాల చుట్టుపట్ల అడవి 1952లో అభయారణ్యమైనది. నేడు అది వరంగల్లు, మహబూబాబాదు జిల్లాలలోనికి వ్యాపించి ఉన్నది.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో సులేమానీ బోరా కుటుంబమున జన్మించినారు. తోబుట్టువులందరిలో ఆయనయే చిన్నవాడు. ఏడాది వయసున తండ్రి పోయినాడు. మూడేండ్ల వయసున తల్లి పోయినది. సంతానము లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగము ఆ తల్లిదండ్రులు లేని పిల్లలను ఖేత్వాడీలోని తమ యింట చేర్చుకొని పెంచినారు. మేనమామకు వేట ఇష్టము. మేనల్లుని చేతికి ఒక గాలితుపాకి వచ్చినది. ఇంటి చుట్టుపట్ల పిచ్చుకలను కొట్టుట ఆ బాలునకు ఆట. పెద్దవాడై గొప్ప వేటగాడు కావలెననుట ఆనాటి ఆశ.

పది పన్నెండేండ్ల వయసున ఒకనాడు అతడు కొట్టిన పిచ్చుకకు మెడక్రింద పసుపుపచ్చని మచ్చ కనబడినది. చూచుటకు పిచ్చుకయే, కాని ఇంటి పిచ్చుక కాదు. మన అడవి అంచులలో దీనిని అడవిపిచ్చుక అందురు. బోరా ఇంటి బాలునకు వెంటనే కలిగిన సందేహము శాస్త్రసంబంధమైనది కాదు. ఈ మచ్చ ఉన్న పిట్టను తినవచ్చునా, మతము ఒప్పునా అనునదే సందేహము. మేనమామను అడిగినాడు. ఆయనకును తెలియలేదు. మరియొకరైనచో పారవేయుమని చెప్పి ఊరకుండెడివారు. అమీరుద్దీన్ అట్లు చేయలేదు. తాను సభ్యుడుగానున్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము కార్యదర్శి మిల్లార్డునకు ఉత్తరము వ్రాసియిచ్చి, పిట్టతోకూడ పిల్లవానిని పంపినాడు.

ఆ కాలమున దొర కార్యాలయమునకు ఒంటరిగా పోవుట ఒక నల్లపిల్లవానికి సులభమైన పని కాదు. చేతిలో కాగితములో చుట్టిన చచ్చిన పిట్ట, గుండెలో దడ. మిల్లార్డు కసరలేదు. పిట్టను చూచి దాని పేరు చెప్పి, సొరుగులు తెరచి, అటువంటివి మరికొన్ని చూపినాడు. ఒక్కొక్క సొరుగులో వరుసగా పేర్చిన పక్షుల తోళ్లు, ఒక్కొక్కదాని కాలికి ఒక చీటి. లోకములో ఇన్ని రకముల పిట్టలున్నవని ఆ బాలుడు ఆనాడు మొట్టమొదట తెలిసికొన్నాడు. పుస్తకములు ఇచ్చినారు. చర్మము ఒలిచి, చెడకుండ భద్రపరచు పద్ధతి నేర్పినారు. చదువరులు గమనింపవలెను: ఆ బాలునకు ఒక్క ప్రశ్నకు జవాబు తెలియలేదు, ఇంటి పెద్దకును తెలియలేదు, తెలిసినవాని దగ్గరకు పోవుటకు మాత్రము సిగ్గుపడలేదు. బడిలో మనము తెలియదను మాటను ఎంత నేరముగా చేసితిమో తలచుకొన్నప్పుడు ఈ ఘట్టము నన్ను కొంత బాధించినది.

బడిచదువులో ఆయన మెరుగైన విద్యార్థి కాడు. మెట్రిక్ గట్టెక్కినాడు. కళాశాలలో గణితము కొరకరాని కొయ్యయైనది. చదువు విడిచి, కుటుంబమువారి గనుల వ్యాపారము చూచుటకై బర్మాలోని తవాయికి పోయినాడు. అక్కడ వ్యాపారముకంటె అడవి ఎక్కువగా చూచినాడని వేరుగా చెప్పనక్కరలేదు. 1917లో బొంబాయికి తిరిగివచ్చి దావర్ కళాశాలలో వాణిజ్యము, సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహమున జంతుశాస్త్రము చదివినాడు. 1918 డిసెంబరులో తెహమీనా బేగముతో వివాహము జరిగినది. మరల బర్మా, మరల వ్యాపారము. అది నిలువలేదు.

ముప్పదేండ్లకు దగ్గరపడిన మనిషి. వ్యాపారము పోయినది, విశ్వవిద్యాలయ పట్టము లేదు. తెలిసిన విద్య ఒక్కటే, పిట్టలను గుర్తించుట. భారత జంతుశాస్త్ర సర్వేలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగము ఒకటి ఖాళీ వచ్చినప్పుడు పట్టము లేదను కారణమున అది ఆయనకు దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియములో ప్రకృతి చరిత్ర విభాగమున సందర్శకులకు వివరించి చెప్పు ఉద్యోగము దొరకినది. జీతము నెలకు 350 రూపాయలు. కొన్నాళ్లకు ఆ పని విసుగు పుట్టించినది. 1928లో సెలవుపెట్టి జర్మనీకి పోయి, బెర్లిన్ మ్యూజియములో ఎర్విన్ ష్ట్రేజెమాన్ అను మహాశాస్త్రజ్ఞునివద్ద పనిచేసినాడు. చచ్చిన పిట్టను కొలుచుటతో శాస్త్రము ముగియదనియు, బ్రతికిన పిట్ట ఏమి చేయుచున్నదో చూచుట అసలు శాస్త్రమనియు ఆయన అక్కడ గ్రహించినాడు. సలీం అలీ జీవితాంతము తన గురువుగా చెప్పుకొన్నది ష్ట్రేజెమానునే.

1930లో తిరిగివచ్చుసరికి మ్యూజియము ఉద్యోగము లేదు. డబ్బు చాలదని దానిని తీసివేసినారు. ఇక్కడినుండి ఆయన జీవితమున నాకు మిక్కిలి ఇష్టమైన భాగము మొదలగుచున్నది.

ఉద్యోగము లేనివాడు, పట్టణములో ఇల్లు నడుపలేనివాడు, భార్యతో సముద్రపుటొడ్డునగల కిహీమ్ అను పల్లెకు పోయినాడు. ఆ ఇంటి దగ్గర చెట్టునకు గిజిగాళ్ల గూళ్లు వ్రేలాడుచుండినవి. ఇంకొకడైనచో ఉద్యోగపు అర్జీలు వ్రాసికొనుచు కూర్చుండెడివాడు. ఈయన నిచ్చెన వేసికొని, గుడ్డచాటున కూర్చుండి, దినములతరబడి ఆ గూళ్లనే చూచినాడు.

గిజిగాడు మనకు క్రొత్తవాడు కాడు. జాషువ కవి ఆ పిట్టమీద ఖండిక వ్రాసినాడు. బడిపిల్లలకు అది తెలిసినదే. జనగామ వైపు మెట్టభూములలో, తాడిచెట్ల మట్టలకు, దిగుడుబావులమీదికి వంగిన కొమ్మలకు ఈ గూళ్లు నేటికిని వ్రేలాడుచున్నవి. కల్లుగీయువారు వాటిని ప్రతిదినము చూచుచున్నారు. గూటిలో మట్టిముద్ద ఉండునని, దానికి మిణుగురు పురుగును అంటించి గిజిగాడు దీపము పెట్టుకొనునని మన పెద్దలు చెప్పెడివారు. మట్టిముద్ద నిజము, దీపము కల్పన. అందమైన కల్పనయే. అయితే సలీం అలీ చూచి చెప్పిన నిజము ఆ కల్పనకు తీసిపోదు. మగపిట్ట గడ్డిని సన్నని పోగులుగా చీల్చి తెచ్చి గూటిని సగమువరకే అల్లును. అప్పుడు ఆడపిట్టలు గుంపుగా వచ్చి, ఇల్లు అద్దెకు చూచువారివలె లోపల దూరి, లాగి, పరీక్షించును. నచ్చనిచో పోవును. నచ్చిన ఆడపిట్ట అందులో చేరిన పిదపనే మగది తక్కిన సగమును, క్రిందికి వ్రేలాడు గొట్టపుదారిని పూర్తిచేయును. అంతటితో ఆగునా? మరొక గూడు మొదలుపెట్టును, మరొక ఆడపిట్ట వచ్చును. గ్రుడ్లు పొదుగు భారము ఆడదానిదే. మగపిట్టను ఆదర్శ గృహస్థుగా కీర్తించువారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చును. అనాదినుండి అందరి కన్నులయెదుట జరుగుచున్న ఈ వ్యవహారమును క్రమముగా చూచి వ్రాసినవాడు ఉద్యోగము పోయిన ఈ మనిషి. ఆ వ్యాసము ప్రకటితమైన పిదప పక్షిశాస్త్రజ్ఞులలో ఆయన పేరు నిలిచినది.

పేరు వచ్చినది కాని జీతము రాలేదు. అప్పుడు ఆయనకు ఒక ఉపాయము తోచినది. దేశములో సంస్థానములు అనేకము. వాటిలోని పక్షులను క్రమముగా పరిశీలించి పట్టిక వ్రాసినవారు లేరు. బండ్ల ఖర్చు, గుడారపు ఖర్చు భరించినచో తాను జీతము తీసికొనకుండ ఆ పని చేసిపెట్టుదునని ఆయన ముందుకు వచ్చినాడు. ఆ విధముగా 1931లో మొట్టమొదట పూనుకొన్నది మన హైదరాబాదు రాజ్యపు పక్షుల సర్వే. తెలంగాణపు బడిపిల్లలు గుర్తుంచుకొనదగిన సంగతి ఇది. భారతదేశమున ఆయన చేసిన ప్రాంతీయ సర్వేలు అన్నిటికిని మొదటి అడుగు మన నేలమీదనే పడినది.

1931-32లో తెహమీనా బేగమును వెంటబెట్టుకొని ఆయన ఈ రాజ్యపు అడవులు తిరిగినాడు. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు ఆ దారిలోనివే. తెల్లవారకముందే బయలుదేరి పోవుట, ఎండ ముదరకముందే తిరిగివచ్చి పట్టిన పిట్టల చర్మములు ఒలిచి సిద్ధపరచుట, సాయంకాలము చూచినదంతయు వ్రాసిపెట్టుట. ఒక్కొక్క చీటిమీద ఊరు, తేదీ, ఆడో మగో, కన్ను రంగు, కాలి రంగు. సుఖములలో పెరిగిన తెహమీనా ఆ గుడారపు బ్రతుకును విసుగుకొనక నడిపినది. సర్వే ఫలితములు విస్లర్ అను ఆంగ్లేయ పక్షిశాస్త్రజ్ఞుని టిప్పణములతో బొంబాయి సంఘపు పత్రికలో భాగములుగా వెలువడినవి. ఈ విస్లరుతో స్నేహము తగవుతో మొదలైనది. ఆయన వ్రాసినదానిలో ఒక పొరపాటును ఈ పేరులేని భారతీయుడు ఎత్తిచూపగా, మొదట ఆయనకు కోపము వచ్చినది. తరువాత తనవద్దనున్న నమూనాలను మరల పరీక్షించి, తప్పు తనదేనని ఒప్పుకొని, ఆప్తమిత్రుడైనాడు. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ మెచ్చుకొనవలెనో నాకు ఇప్పటికిని తేలలేదు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. దానిని దాటవేసి పోవుట న్యాయము కాదు. పట్టిన పిట్టలని పైన వ్రాసితిని. నిజమునకు అవి తుపాకితో కొట్టిన పిట్టలు. పాఖాల కట్టమీద ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల మొగములు చిన్నబోయినవి. పక్షులను రక్షించిన మహనీయుడే పక్షులను చంపెనా అని వారి బాధ. సలీం అలీ ఈ విషయమును ఎన్నడును దాచలేదు. నమూనా లేనిదే పక్షిజాతులను, వాటిలోని తెగలను నిర్ణయించుటకు ఆ కాలమున సాధనము లేదు. నోటిమాటను ఎవరును నమ్మరు. చీటి కట్టిన చర్మమును నూరేండ్ల తరువాతనైనను ఎవరైనను తిరిగి పరీక్షింపవచ్చును. విస్లర్ తన తప్పు దిద్దుకొన్నది గూడ అట్టి సొరుగు తెరచియే గదా. ఈ సమాధానము సంపూర్ణమని నేను చెప్పను. అయినను వినోదమునకు చంపుటకును, తెలిసికొనుటకు చంపుటకును భేదము లేదనువారు ఈ క్రింది సంగతి వినవలెను.

రాజస్థానములోని భరతపురమున రాజులు నీరు నిలిపి ఒక మడుగును పెంచినారు. బాతులు వేలకొలది దిగునట్లు చేసి, అతిథులకు వేట విందు చేసెడివారు. అక్కడ 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో గౌరవార్థము జరిగిన వేటలో ఒక్కదినమున 4,273 పక్షులు కూలినవి. ఆ సంఖ్యను రాతిమీద చెక్కి అక్కడనే నిలిపినారు. ఆ వేట జరిగినది నవంబరు 12వ తేదీన. సలీం అలీకి ఆనాటికి సరిగా నలువదిరెండేండ్లు నిండినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ మడుగును ఎండగట్టి పొలములు చేయవలెనని కోరిక బయలుదేరినది. భూమిలేని రైతు అట్లు కోరుట తప్పుగాదు. ఆ మడుగు పోయినచో ఎన్నెన్ని దేశముల పక్షులకు చలికాలపు ఇల్లు పోవునో సలీం అలీకి తెలియును. ఆయన ప్రధాని నెహ్రూవరకు పోయి దానిని నిలబెట్టించినారు. నేడు అది కేవలదేవ్ జాతీయోద్యానము. 1985లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. తుపాకుల లెక్క చెక్కిన ఆ రాయి మాత్రము అక్కడనే ఉన్నది. తీసివేయకుండుటయే మంచిదని నా అభిప్రాయము.

తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సంస్థానముల సర్వేలు ఒకదాని వెనుక ఒకటి సాగినవి. 1939లో తెహమీనా బేగము చిన్న శస్త్రచికిత్స తరువాత రక్తము విషమించి మరణించినది. ఇరువదేండ్ల దాంపత్యము. పిల్లలు లేరు. ఆయన మరల పెండ్లిచేసికొనలేదు. బొంబాయిలో సోదరి యింట, ఆమె భర్తతోను పిల్లలతోను కలిసి జీవించినారు. దుఃఖమునుగూర్చి ఆయన ఎక్కువ వ్రాసినవారు కారు. పని మాత్రము రెట్టించినది.

1941లో భారతదేశ పక్షులను వర్ణించు ఆయన గ్రంథము వెలువడినది. సామాన్యుని చేతికి వచ్చిన మొదటి మంచి పక్షుల పుస్తకము ఇదియేయని చెప్పవచ్చును. ఉపాధ్యాయులు దానిలోని పద్ధతిని గమనింపవలెను. పక్షిని చూచినవానికి దాని శాస్త్రనామము తెలియదు, తెలియనక్కరలేదు. కంటికి కనబడునది పరిమాణము, రంగు, తోక, కాళ్లు, నడక. కావున ఆయన పాఠకునకు తెలిసిన పిట్టలనే కొలబద్దగా పెట్టుకొన్నారు. ఇది పిచ్చుకంత, అది గోరువంకంత, మరియొకటి కాకికంటె పెద్ద, గ్రద్దకంటె చిన్న. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట. మనము శిక్షణ కళాశాలలలో ఈ సూత్రమును వల్లెవేసితిమి. ఆయన దానితో ఒక గ్రంథము నిర్మించినారు. డెహ్రాడూను జైలులోనుండిన నెహ్రూ ఆ పుస్తకమును కుమార్తె ఇందిరకు కానుకగా పంపినాడు. తరువాతి దశాబ్దములందు పక్షులకును, అడవులకును ఈ దేశమున జరిగిన మేలులో ఆ కానుకకు కొంత భాగము లేకపోలేదు.

స్వాతంత్ర్యానంతరము దొరలు వెడలిపోగా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము డబ్బులేక మూతపడు స్థితికి వచ్చినది. సలీం అలీ మరల నెహ్రూను ఆశ్రయించి దానిని బ్రతికించినారు. చిన్ననాడు తనకు సొరుగులు తెరచిన ఇల్లు గదా. 1950లో స్వీడన్ దేశమున ఉప్సాలాలో పక్షిశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినప్పుడు ఈ ఏబదిమూడేండ్ల పెద్దమనిషి తన మోటారు సైకిలును ఓడలో ఎక్కించుకొనిపోయి, ఐరోపా రోడ్లమీద దానిని నడుపుకొనుచు సభకు హాజరైనాడు. మోటారు సైకిళ్లన్నచో ఆయనకు పక్షుల తరువాత పక్షులంత ప్రీతి. పిల్లలు ఇది విని నవ్వినారు. కట్టమీద ఆ ఉదయము వారు మొదటిసారి ఆయనను మనిషిగా తలచినది అప్పుడేనని నాకు తోచినది.

వలస పక్షుల కాళ్లకు అంకె చెక్కిన చిన్న లోహపు కడియములు తొడిగి విడిచిపెట్టు పనిని బొంబాయి సంఘము 1959 ప్రాంతమున ఆయన నడిపింపున పెద్దయెత్తున చేపట్టినది. వ్యాధికారక క్రిములను పక్షులు ఒక దేశమునుండి మరియొక దేశమునకు మోయుచున్నవా అని తెలిసికొనుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి తోడ్పడినది. కడియముతో ఇక్కడ ఎగిరిన పక్షి ఎక్కడనో ఉత్తర దేశమున పట్టుబడినప్పుడు దాని దారి తెలియును. పాఖాలకు పుష్యమాసమున వచ్చు సూదితోక బాతులు మాఘ ఫాల్గుణములు గడచిన పిదప ఏ హిమాలయములు దాటి పోవుచున్నవో మనము ఊహింపగలుగుట ఇట్టి పనివలననే.

1968 మొదలు 1974 వరకు, అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి వ్రాసిన భారత, పాకిస్తాన్ పక్షుల మహాగ్రంథము పది సంపుటములుగా వచ్చినది. మొదటి సంపుటము వచ్చునాటికి ఆయనకు డెబ్బదేండ్లు దాటినవి. గౌరవములను క్లుప్తముగా చెప్పుదును. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభకు నామినేషన్. అంతర్జాతీయముగా వచ్చిన పెద్ద బహుమతి ధనమును పక్షుల పనికే ఇచ్చివేసినారు. పట్టము లేదని ఉద్యోగము దక్కని ఆయనకు మూడు విశ్వవిద్యాలయములు గౌరవ డాక్టరేటు ఇచ్చినవి. వానిలో మూడవది మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1978లో.

తెలుగు నేలతో ఆయన కథ ఇంకొక పిట్టతో ముడిపడినది. 1848లో జెర్డన్ అను కంపెనీ వైద్యుడు కడప ప్రాంతమున ఒక పిట్టను కనుగొన్నాడు. పగలు పొదలలో దాగి, రాత్రివేళ నేలమీద పరుగెత్తు పిట్ట. నెల్లూరులో పనిచేసిన ఈ జెర్డన్ తన గ్రంథములో పక్షులకు తెలుగు పేర్లుగూడ వ్రాసిపెట్టినాడు. ఈ పిట్టకు అడవి ఉత్తితి అను పేరును ఆయనయే నమోదు చేసినాడు. 1900లో అనంతపురము వైపున చివరిసారి చూచినట్లు దాఖలా. అటు తరువాత ఎనుబది ఏండ్లకు పైగా శాస్త్రజ్ఞులెవరికిని కనబడలేదు. లోకము అది అంతరించినదనుకొన్నది. సలీం అలీ మాత్రము ఆశ విడువలేదు. ఆయన ప్రోద్బలమున బొంబాయి సంఘమువారు పిట్ట బొమ్మలు చేతపట్టి కడప జిల్లా పల్లెలు తిరిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుతురులో దానిని పట్టుకొనివచ్చినాడు. దానిని అక్కడివారు కలివిపొదలలో తిరుగును గనుక కలివికోడి అందురట. పుస్తకములలో మాయమైన ఎనుబది ఏండ్లును అది ఆ పల్లెవారి నోట పేరుతోసహా బ్రతికియే ఉన్నది. తొంబదవ ఏట అడుగుపెట్టిన సలీం అలీ ఆ వార్త వినగలిగినారు. ఆ పిట్టకొరకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. ఇటీవలి దశాబ్దములందు అది కంటబడుట మరల మిక్కిలి అరుదైనది.

1985లో ఆయన స్వీయచరిత్ర వెలువడినది. దాని పేరులో పిచ్చుక నేలకూలిన సంగతి కలదు. ఏ పిచ్చుకయో వేరుగా చెప్పనక్కరలేదు. చాలకాలము పీడించిన కాన్సరుతో 1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో ఆయన కన్నుమూసినారు.

నేను ఆయన పుస్తకములు వెదకి చదివినప్పుడెల్లను నామకోడి గుర్తునకు వచ్చినది. పక్షికి శాస్త్రనామము ఎక్కడనున్నను ఒక్కటియే. దానిని ఎవరును పోగొట్టలేరు. మునుగుడుకోడి, నత్తగొట్టుకొంగ అను పేర్లు తూము దగ్గరి ముసలాయనవంటివారి నోటనే ఉన్నవి. ఆయన కుమారుడు పట్నములో ఆటో నడుపుచున్నాడని మాటలలో తెలిసినది. మనుమలకు ఆ పేర్లు రావు. జెర్డన్ దొర నూటయేబది ఏండ్లకు పైగా క్రిందట నెల్లూరులో వ్రాసిపెట్టుకొన్నంతటి శ్రద్ధతో మన మండలములలో ఎవరు వ్రాసిపెట్టినారు? తెలుగు చెప్పువాడనైన నేను వ్రాయలేదు. జనగామవారు ఒక పిట్టను ఒక పేరున, మహబూబాబాదువారు మరొక పేరున పిలుచుట ఆ ఉదయముననే రెండుమార్లు కనబడినది. రెండును వ్రాసికొనుడని పిల్లలకు చెప్పితిని.

పదిగంటలకు ఎండ పెరిగినది. చిలువలు అవతలి ఒడ్డు నీడకు చేరినవి. ముసలాయన వల భుజాన వేసికొని వెడలిపోయినాడు. ప్రశ్న అడిగిన విద్యార్థిని తన పుస్తకమును నాకు చూపినది. ఇరువదిమూడు పేర్లు ఉన్నవి. ఇరువదినాలుగవ గడి ఖాళీ. తుంగలో తిరుగుచుండిన చిన్న పిట్ట, ఎవరికిని పేరు తెలియలేదు. ఆమె ఆ గడిని కొట్టివేయక ప్రక్కన ఇట్లు గురుతులు వ్రాసి ఉంచినది: పిచ్చుకకంటె చిన్న, వీపు మట్టిరంగు, కడుపు తెలుపు, తోక ఎప్పుడును ఆడించుచుండును. మరుసటి ఆదివారము బయ్యారము చెరువునకు పోవుటకు నిశ్చయించుకొని, బస్సుకొరకు కట్టదిగితిమి.